కోత పండుగకు ఎరువు గంప

అత్త లేని కోడలు ఉత్తమురాలని ఎవరో అన్నారు. వాళ్ళు మా వరమ్మను చూసి ఉండరు. నేను నిక్షేపంలా బతికే ఉన్నాను, నోరు కూడా నాకేం తక్కువ లేదు. బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగి వాక్యం చెప్పినదాన్ని, ఈ రాహేలమ్మ మాటకు జడిసే కోడళ్ళను శానామందిని చూశాను. మా వరమ్మ జడవదు. అయినా ఉత్తమురాలే. కాకపోతే మొండిది.

నందికొట్కూరు పొలిమేరలో మా పొలం పేరుకు నల్లరేగడి. సగానికి పైగా చౌడు తేలి, వాన వెలిసిన మూడో రోజుకే పైన తెల్లగా ఉప్పు పేరుతుంది. ఆ పొలాన్ని ఆనుకునే బాలసుబ్రహ్మణ్యం శెట్టి పత్తి జిన్ను పెట్టాడు. పత్తిలోంచి గింజను వేరుచేసే మిల్లు అది. దూది బేళ్ళు బండ్లెక్కి కర్నూలుకు, అక్కడి నుంచి రైల్లో ఎక్కడెక్కడికో పోయేవి. మిగిలిన ఆకు నుసి, గింజ పొట్టు, పనికిరాని పీచు మిల్లు వెనక గుట్టలు పడేవి. శెట్టి వాటిని తగలబెట్టించేవాడు, ఆ పొగకు మేము దగ్గి చచ్చేవాళ్ళం.

ఒకరోజు వరమ్మ పోయి నేరుగా శెట్టినే అడిగింది.

"కాల్చే బదులు ఆ చెత్త నాకియ్యి శెట్టీ. నీకేం పోతాది?"

"తీసుకపో తల్లీ. నాకు అగ్గిభయమన్నా తప్పుతాది" అన్నాడాయన.

ఆ మొదటి ఏడు వరమ్మ పచ్చి చెత్తనే మోసుకొచ్చి పొలమంతా చల్లింది. పొలం దూదేకులవాళ్ళ వాకిలిలా తెల్లగా అయిపోయింది. గాలి లేచినప్పుడల్లా పీచు ఎగిరి పక్కవాళ్ళ చేలల్లో పడేది, వాళ్ళు మమ్మల్ని తిట్టేవాళ్ళు. కొర్ర జానెడు మొలిచి, పాలిపోయి, అక్కడితో ఆగిపోయింది. ఊరు కడుపారా నవ్వింది. నా కొడుకు దాసన్న నవ్వలేదు, వాడికి ఏడుపొచ్చింది.

వరమ్మ మాత్రం మిల్లు వెనక్కి పోయి, పాత గుట్టను అడుగు దాకా తవ్వి చూసింది. పైనంతా తెల్లటి పీచే. అడుగున, మేకలు పడుకునే చోట, మిల్లు నీళ్ళు పారే చోట, అదే పీచు నల్లగా మారి ఉంది. దాని మీద గరిక ఏపుగా పెరిగి ఉంది.

"తప్పు చెత్తది కాదత్తా. ఉడకని కూడు పెట్టినాము నేలకు" అంది నాతో.

పొలం గట్టున గుంత తవ్వుతానంది. దాసన్న పార ముట్టనన్నాడు. తనే తవ్వింది. ఒక వరస జిన్ను చెత్త, ఒక వరస పేడ, గొడ్లచావిట్లో ఉచ్చ నానిన మట్టి, పొయ్యి బూడిద, మళ్ళీ చెత్త. అన్నీ బాగానే ఉన్నాయి గాని, దానికి నీళ్ళు కావాలి. తాగే నీళ్ళకే కోసెడు దూరం నడిచే ఊళ్ళో చెత్తకు నీళ్ళెవరు పోస్తారు? వరమ్మ గడపగడపకూ పోయి గిన్నెలు కడిగిన నీళ్ళు, పసిబిడ్డలకు పోసిన నీళ్ళు పారబోయవద్దని అడిగింది. పాపిష్టిది, ఆ కడవలు మోయడంలో నాకూ భాగం పెట్టింది. నా నడుము ఈనాటికీ చక్కబడలేదు.

గుంత నిజంగానే ఉడికింది. చెయ్యి పెడితే చురుక్కుమనేది. వేడి చల్లారితే గాని ఎరువైనట్టు కాదని వరమ్మ దాన్ని తిరగదోడేది, తడిపేది, మళ్ళీ కప్పెట్టేది. చూసి చూసి దాసన్న ఒకనాడు తేల్చి చెప్పాడు.

"శెట్టికి పత్తి ఆరబోసుకునే దానికి జాగా కావాలంట. కోత పండుగైన మరుసటి దినం ఈ పొలం ఆయనకు ఒప్పజెప్తా. మిల్లులో బండి తోలుకుంటా. మాటిచ్చినా."

మా మామ చెమటోడ్చి సంపాదించిన నేల అది. మా వాళ్ళలో సొంత పొలం ఉన్నవాళ్ళు ఎంతమందని?

"పండుగ దాకా నాదే గదా" అంది వరమ్మ. గుంత దగ్గరికి పోయింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండిదాని సంగతి నన్నడగండి.

ఆ రెండో ఏడు ముంగారు, అదే తొలివానలు, ఒక్క పదునుతో సరి. అందరి కొర్రలూ అంతంత మాత్రంగా పండాయి. దాసన్న విత్తనమే వేయలేదు గనుక మాకు ఆ మాత్రమూ లేదు. వెనక వచ్చే వానలన్నా పడితే జొన్న వేసుకోవచ్చని ఊరంతా ఆకాశం వైపు చూస్తున్న రోజుల్లో కోత పండుగ వచ్చింది. ఆ రోజు పొలంలో పండినదాంట్లో మొదటి భాగం గుళ్ళో దేవుని బల్ల ముందు పెట్టాలి. ఒట్టిచేతులతో పోవడం మాలో లేదు. నా కోడిపెట్టను తీసుకుపోదామన్నాను.

"కోడి నీదత్తా. నా పొలంలో అయినది నేను తెస్తా" అంది వరమ్మ.

ఉతికిన గుడ్డ కప్పిన గంపను నెత్తిన పెట్టుకుని గుళ్ళోకి వచ్చింది. గింజలేమోనని అందరూ తలలు తిప్పారు. పాదిరి జ్ఞానరాజు అయ్యగారు గుడ్డ తీసి చూసి నిలబడిపోయారు.

"ఏమమ్మా ఇది? పెంట తెచ్చి దేవుని ముందర పెడతావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. దాసన్న తల దించుకున్నాడు. నాకైతే ఆ నవ్విన మూతి మీద ఒకటివ్వాలనిపించింది.

"ఈ ఏడు నా పొలంలో ఇదే అయినాదయ్యా" అంది వరమ్మ.

అయ్యగారు గంపను పక్కకు జరపబోయారు. బరువుకు అది ఒరిగి, నల్లటి ఎరువు పొడిపొడిగా బల్ల కింద జారింది. పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర వెనక వరసలో గొంతులు ఆగిపోయాయి. మా పక్క చేని కంబన్న లేచి నిలబడి ముక్కు ఎగబీల్చాడు.

"వానొచ్చినట్టుండాది" అన్నాడు.

నిజమే. ఎండిన నేల మీద తొలకరి పడ్డప్పుడు వచ్చే వాసన గుడంతా నిండిపోయింది. ఇక ఎవరాగుతారు? ఆడవాళ్ళు మిద్దెల మీద ఆరబోసిన కొర్రలు తడుస్తాయని పరుగెత్తారు. మగవాళ్ళు బయటికి పోయి మొహాలు పైకెత్తారు. అయ్యగారు కూడా గుమ్మం దాకా పోయారు. మోకాళ్ళు సహకరించక నేనొక్కదాన్నే కూర్చుండిపోయాను.

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. మబ్బు తునక లేదు. ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. వాసన ఎక్కడిదో అప్పటికి అందరికీ తెలిసింది. ఇందాక కిసుక్కుమన్నామె గంప దగ్గరికి పోయి వంగి చూసింది.

దాసన్న అందరికంటే చివర వచ్చాడు. బల్ల ముందు కూలబడి, ఇన్ని నెలలూ ముట్టని ఎరువులోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"సల్లగుండాదే" అన్నాడు మెల్లగా. తర్వాత పెండ్లాం వైపు తిరిగాడు. "శెట్టికి పొలం ఇయ్యనని రేపు పోయి చెప్తా. వానపడితే జొన్నలేద్దాం. విత్తనాలు యాడనన్నా దొరుకుతాయా?"

"అత్త మంచం కింద కుండలో ఉండాయి. నువ్వడిగినప్పుడు ఇద్దామని పెట్టినా" అంది వరమ్మ.

అంబలి కూడా లేక నీళ్ళు తాగి పడుకున్న రాత్రులున్నాయి మా ఇంట్లో. ఆ రాత్రులన్నీ నేను జొన్నల మీదే పడుకున్నానన్నమాట. కోడలి మీద నాకు పట్టలేని కోపం రావలసింది. లేవలేని మోకాళ్ళతోనే లేచి, పోయి, దాన్ని గట్టిగా పట్టుకున్నాను.