తీయడానికి వీల్లేని కాపలా

హెల్యాకు తోర్స్తి మీద కోపం ఈనాటిది కాదు. ఔలు పట్టణంలో, ఇతరుల వెబ్‌సైట్లను నడిపిపెట్టే ఆ చిన్న సర్వర్ల కంపెనీకి యజమాని అతను, సర్వర్లు చూసుకునేది ఆమె. ఎవరైనా ఫోన్ చేసి తమ సైటులో నింపిన ఫారం వెళ్లడం లేదని సణిగితే చాలు, ఆ మహానుభావుడు కాన్ఫిగ్ ఫైలు తెరిచి, అనుమానం కలిగించే రాతల్ని వెనక్కి కొట్టే రక్షణ మాడ్యూల్‌ను పిలిచే లైను ముందు ఒక గుర్తు పెట్టి దాన్ని నిద్రపుచ్చేవాడు. సాయంత్రానికి ఆ గుర్తు తీసేసేవాడు, అంతవరకు నయం.

మిగతా సైట్ల సంగతి ఎలా ఉన్నా, వువోక్కో నడిపే ఆశ్రయానికి ఈ ఆటలు కుదరవనుకుంది హెల్యా. మొగుళ్ల దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్లు ఎక్కడ తలదాచుకున్నారో ఆ సర్వర్లోనే ఉంది. అందుకే సెలవులకు ముందు పంతం పట్టి, మాడ్యూల్‌ను విడిగా తగిలించకుండా ఆపడానికి వేరే లైనంటూ లేకుండా, వెబ్ సర్వర్ ప్రోగ్రాంలోనే కలిపి కంపైల్ చేసింది.

"ఇక నీ గుర్తులు పనిచెయ్యవు. చేతనైతే తియ్యి చూద్దాం!" అంది.

"అబ్బో! సర్లే, ముందు కాఫీ తాగు," అన్నాడు తోర్స్తి.

జూలైలో దేశమంతా సరస్సుల పక్కన కుటీరాల్లో పడి ఉంటుంది. ఆఫీసు ఫోన్ ఎత్తడమంటే ఇంట్లోవాళ్లకు ద్రోహం చేసినట్టే. హెల్యా కూడా ఎత్తలేదు. తిరిగొచ్చి చూస్తే సర్వర్లో మాడ్యూల్ జాడే లేదు.

"ఏం చేశావు?"

"వువోక్కో ఫోన్ మీద ఫోన్. ఎవరో అమ్మాయి గోడు రాసుకుంటే ఫారం వెనక్కి కొడుతోందట. ఎంత వెతికినా ఆ లైను కనబడదే! నీకు చేస్తే ఎత్తవు. ఆ సర్వర్ ప్రోగ్రాం మొత్తం తీసేసి మామూలుది పెట్టాను."

"మళ్లీ నాది పెట్టొచ్చుగా?"

"ఎలా పెట్టాలో నాకేం తెలుసు? తియ్యడానికి వీల్లేకుండా ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

తాళం తీయడం రాక తలుపే పీకి పారేశాడు. పాత పద్ధతిలోనే వదిలి ఉంటే ఒక పూట ఆపి మళ్లీ పెట్టేవాడు. అది తోచగానే హెల్యాకు అతని మీదకన్నా తన మీదే ఒళ్లు మండింది. ఆ సెలవుల్లోనే ఎవరో సర్వర్లోకి దూరారు. ఒకామె మొగుడు నేరుగా ఆశ్రయం గేటు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

వువోక్కో ఫోన్ చేసింది. "హెల్యా, ఎవరెవరి వివరాలు పోయాయో చెప్పు. వాళ్లను ముందు వేరే ఊరు పంపిస్తా. ఉన్నది ఒక్క వ్యానే తల్లీ."

లోపలికి వచ్చినవాళ్లు ఏమడిగారో, ఏం పట్టుకుపోయారో పూర్తిగా రాసిపెట్టేదీ ఆ మాడ్యూలే.

"నాకు తెలీదు, వువోక్కో," అంది హెల్యా. "అందర్నీ పంపించెయ్యి."