చల్లబడ్డ ఒళ్లు

మూడోరోజు పొద్దున సంగీతకు ఒళ్లంతా చెమటలు పట్టి జ్వరం దిగింది.

"చూడు, తగ్గిపాయ. ఇంక ఆస్పత్రి ఎందుకులే," అంది అత్త అక్కమ్మ. వీధి చివరి ఆరెంపీ డాక్టరు వేసిన సూది పనిచేసిందనే అనుకుంది.

సంగీతకు ఏడో నెల. ధర్మవరం చీరలు అమ్మడానికి ఒడిశా పోయిన మొగుడు లోకేష్ దగ్గర రెండు నెలలుండి, పది రోజుల కిందటే పెనుకొండకు తిరిగొచ్చింది.

మధ్యాహ్నానికి మళ్లీ చలి. ఎండలో మంచం వేసి రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. "అత్తా, ఆ కుక్కని తోలు," అంది సంగీత. అక్కడ కుక్క లేదు.

అక్కమ్మ వీధిలోకి ఉరికి ఆటోను ఆపింది. పెనుకొండ ఆస్పత్రికి తీసుకుపోతే, వేలు పొడిచి రక్తం పరీక్ష చేశారు.

"మలేరియా, బాగా ముదిరింది. కడుపుతో ఉండాది, ఈడ పెట్టుకోలేం," అని డాక్టరు నరానికి మొదటి సూది వేసి, 108లో హిందూపురం పంపాడు.

సోమందేపల్లి దాటాక సంగీత వణుకు ఆగింది. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది.

"జరం దిగిండాది. నిద్రపోతాంది పాపం," అంది అక్కమ్మ.

తోడొచ్చిన నర్సు గ్రేస్ మొహం మారిపోయింది. "నిద్ర కాదమ్మా! సంగీతా! సంగీతా!"

పలుకు లేదు. గ్రేస్ మళ్లీ వేలు పొడిచి మీటరు చూసింది. "షుగరు పడిపోయిండాది. కడుపుతో ఉన్నోళ్లకు ఈ జరంలో ఇట్లే అయితాది."

గ్లూకోజు ఎక్కించాక కనురెప్పలు కదిలాయి. కోడలి పొట్ట మీద పెట్టిన అరచేతికి మాత్రం ఏ కదలికా తగల్లేదు. హిందూపురం చేరేదాకా అక్కమ్మ ఆ చేయి తీయలేదు.

అక్కడ మాటిమాటికీ షుగరు చూశారు, రక్తం ఎక్కించారు. రెండో రోజు స్కానింగ్‌లో బిడ్డ గుండె చప్పుడు దొరకలేదు. ఆ సాయంత్రమే కాన్పయింది. మగబిడ్డ. ఏడవలేదు.

నాలుగో రోజు సంగీతకు తెలివొచ్చింది. పొట్ట తడుముకుంది.

"అత్తా, బిడ్డ యాడ?"

ఒడిశా నుంచి బయలుదేరిన లోకేష్ ఇంకా రైల్లోనే ఉన్నాడు. చెప్పాల్సింది తనే.

"లేడమ్మా, పోయినాడు. ఆ పొద్దు ఆస్పత్రి వద్దంటి. నేనే వద్దంటి."

సంగీత గోడ వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అడిగింది: "ఎవురి మాదిరి ఉన్న్యాడు?"

"లోకేష్ మాదిరే. తలనిండా జుట్టు," అని, ఇంకేదో చెప్పబోయి అక్కమ్మ మంచం పట్టెకు తల ఆనించింది.