మధ్య ముక్క

మొదలుపెట్టిన రోజున వేరుశనగలవాడి చేతిలో ఉన్నది ఒక వెదురు బుట్ట, నాలుగు బళ్ల అవతలికి వినిపించే గొంతు, రైలుగేటు పక్కన తండ్రి వదిలిపోయిన కాస్త నేల. ఇంకొకడైతే ఆ నేలని ఎప్పుడో వదిలించుకునేవాడు. అతను మాత్రం గేటు పడినప్పుడల్లా బళ్లు ఎంతసేపు ఆగుతున్నాయో వారం రోజులు నిలబడి చూశాడు. గూడ్సుకి పదకొండు నిమిషాలు, ఎక్స్‌ప్రెస్‌కి ఆరు. ఆగిపోయిన మనిషికి ఆకలి లేకపోయినా చెయ్యి ఊరికే ఉండదని కనిపెట్టాడు. ఇరవై రెండేళ్లుగా ఆ కనిపెట్టిందే అతని బతుకు.

ఈ ఉదయం కూడా గేటుగదిలో గంట మోగకముందే లేచాడు. రైలు వస్తున్న సంగతి అతనికి అరికాళ్లలో తెలుస్తుంది. వేగిన గింజల్లోంచి ఇసుక జల్లించి, బుట్టలోకి వంచి, తలగుడ్డ సర్దుకున్నాడు. బుట్ట మోసి మోసి ఎడమ భుజం కిందికి జారిపోయింది. వెనక వంతెన నీడలో గోనెపట్టా మీద భార్య పొట్లాలు చుడుతోంది. ఒక్కో పొట్లానికీ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"పన్నెండింటికి గేటవతల ఆసుపత్రిలో చీటీలు ఆపేస్తారయ్యా," అంది.

"ఈ గూడ్సు పోనీ. ఆటో పిలుస్తా."

"ఆ సంతకం కూడా పెట్టెయ్యి. సాయంత్రం సర్వేయరు వస్తాడుగా."

"చూద్దాంలే," అని చొక్కా జేబు తడుముకున్నాడు. కాగితం అక్కడే ఉంది.

వాళ్లకు నీడనిచ్చే ఆ వంతెన సగం వంతెన కూడా కాదు. పట్టాల మీది మధ్య ముక్క ఒక్కటే, రెండు చివరలా ఇనుపకడ్డీలు బయటపెట్టుకుని గాలిలో నిలబడి ఉంది. రైలు కేంద్ర ప్రభుత్వానిది. పట్టాల మీద కట్టాల్సింది అది కట్టేసి చేతులు దులుపుకుంది. రోడ్డూ నేలా రాష్ట్ర ప్రభుత్వానివి. అటూ ఇటూ బళ్లు ఎక్కి దిగే వాలు కట్టాల్సింది అది. ఒకరి హద్దులో ఇంకొకరు పార వెయ్యడానికి లేదు.

ఇటువైపు వాలు దిగేది సరిగ్గా అతని నేల మీదే. నేల తీసుకునే అధికారం రాష్ట్రానిది, పరిహారంలో సగం రైల్వేది. ఈ మెలిక ఇంజనీర్లకన్నా ముందు అతనికే అర్థమైంది. రాష్ట్రం తరఫున సర్వేయరు వస్తే "రైల్వేవాళ్లు ఒప్పుకున్న కాగితం చూపించండి సార్, ఇప్పుడే సంతకం పెడతా" అనేవాడు. రైల్వే మనిషి వస్తే "ముందు రాష్ట్రంవాళ్లని హద్దురాయి వెయ్యమనండి" అనేవాడు. రెండు మాటలూ నిజమే. ఆ నిజాలతోనే పదకొండేళ్లు నెట్టుకొచ్చాడు. బలవంతంగా తీసుకోవాలన్నా ముందు ఇద్దరూ ఒకచోట కూర్చోవాలి. వాళ్లు కూర్చోలేదు. వాలు పడితే గేటు ఉండదు, గేటు లేకపోతే బళ్లు ఆగవు. రెండు ఆఫీసులూ పంపిన నోటీసులతో భార్య పొట్లాలు చుట్టేది.

"రెండు ప్రభుత్వాలు కట్టలేని వంతెనని నువ్వొక్కడివే ఆపావు. ఎంత మొనగాడివయ్యా!" అని నవ్వేది, ఊపిరి ఆడే రోజుల్లో.

మూడు రోజుల కిందట ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు. జేబులో ఉన్న కాగితం మీద రెండు ముద్రలూ ఉన్నాయి. ఇంక అడగడానికి అతని దగ్గర ప్రశ్న లేదు.

గూడ్సు వచ్చి నింపాదిగా పోయింది. సగం బుట్ట ఖాళీ అయింది. గేటుమనిషి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావా, అక్క బాగా రొప్పుతోంది. చూశావా?"

"నీ రైళ్లు కాస్త ఆగితే తీసుకుపోతా."

"నా రైళ్లేంటి? నాకు ఇచ్చింది జెండా ఒక్కటే."

గేటు లేచింది. అవతలి నుంచి ఖాళీ ఆటో ఒకటి వచ్చింది. అతను చెయ్యెత్తాడు. ఆటో నెమ్మదించింది. అప్పుడే గదిలో గంట మళ్లీ మోగింది. ఎక్స్‌ప్రెస్. రోడ్డు మలుపులో మూడు బస్సులు, కిటికీల నిండా మొహాలు. గేటు పడటానికి ఇంకా రెండు నిమిషాలుంది. ఆటో వెనక్కి తిరిగి దాటిపోవచ్చు.

అతను చెయ్యి దించాడు.

"ఇదొక్కటి అయ్యాక," అన్నాడు భార్యతో.

ఆమె చుట్టిన పొట్లాల్లో కొన్ని అందించి, ఇంకో కాగితం తీసుకుంది.

ఆరు నిమిషాలు అతను కిటికీ కిటికీకీ పరుగెత్తాడు. బుట్ట అడుగు కనిపించింది. రైలు పోయి, బస్సులు కదిలి, దుమ్ము అణిగాక తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇంక లే, పోదాం."

ఆమె స్తంభానికి ఆనుకుని ఉంది. సగం చుట్టిన పొట్లం వేళ్ల మధ్యే ఉంది.

"ఏమే," అన్నాడు. ఇంకోసారి కాస్త గట్టిగా అన్నాడు. ఆ గొంతు విని గేటుమనిషి జెండాతోనే మెట్లు దిగి వచ్చాడు.

ఆటో దొరికింది. గేటు తెరిచే ఉంది. దారిలో ఎవరూ ఆపలేదు. డాక్టరు చూడటానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆసుపత్రి గోడ మీది గడియారం వైపు అతని కళ్లు అలవాటుగా వెళ్లాయి. గేటు దగ్గర నుంచి అక్కడికి నాలుగు నిమిషాలు. గూడ్సుకి ఎంతో, ఎక్స్‌ప్రెస్‌కి ఎంతో తెలిసినవాడు ఆ దారిని మాత్రం ఒక్కసారీ లెక్కేసి చూడలేదు.

సాయంత్రానికి శ్మశానంలో అన్నీ అయిపోయాయి. సంగతి తెలియని సర్వేయరు సంచి పట్టుకుని వచ్చాడు. వేరుశనగలవాడు జేబులోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని సంతకం పెట్టాడు.

సర్వేయరుకి నమ్మకం కుదరలేదు. "రైల్వేవాళ్ల ముద్ర చూసుకోరా?"

"ఉందిలెండి."

సర్వేయరు వెళ్లిపోయాడు. గేటుగదిలో గంట మోగింది. బళ్లు ఆగాయి. ఒక కారులోంచి ఎవరో పల్లీలని కేకేశారు. అతను లేవలేదు.

పదకొండేళ్లు రెండు ప్రభుత్వాలనీ ఆపినందుకు చివరికి చేతికొచ్చింది గోనెపట్టా మీద ఉంది. ఒకదానిలో ఒకటి ఒదిగి, నలభై ఖాళీ పొట్లాలు. వాటి పక్కన, సగమే చుట్టింది ఒకటి, ఆమె వేళ్లు పట్టుకున్న వంపు అలాగే ఉండి.