ఎకసెక్కెం

పొద్దున ఆరింటికి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం రెండయినా మిల్లు గేటు బయటే ఎండలో కూర్చున్నారు. కరెంటు లేదు. డెబ్బయి అయిదో సంవత్సరం వేసవిలో నంద్యాలలోని ఆ పత్తి మిల్లుకు కరెంటు వస్తేనే పని, పని దొరికితేనే మూడు రూపాయల కూలి. నిన్నా రాలేదు. ప్రభుదాసు ఇంట్లో నిన్నటి నుంచి పొయ్యి వెలగలేదు.

రెండుంపావుకు లోపల మిషన్లు కదిలాయి. మేస్త్రీ గురుస్వామి గేటు దగ్గర నిలబడి పిలవడం మొదలుపెట్టాడు. ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవడు. “కుంటోడా!” అంటే కాలు ఈడ్చే మీరావలి “ఓ” అని లోపలికి పోవాలి. పలకకపోతే ఆ రోజు పని లేదు. ఇదంతా ఎకసెక్కెమట. ఎకసెక్కెం అంటే సరదా అని మేస్త్రీ చెప్పే అర్థం. మాట పడేవాణ్ణి మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. తమ వంతు వచ్చేదాకా అందరూ నవ్వుతారు, సిగ్గులేకుండా.

పదకొండేళ్ళుగా ప్రభుదాసు “నత్తోడా” అంటే పలికాడు. నత్తి తనది, పడితే తనే పడతాడనుకున్నాడు. సోమవారం కూతురు జీవరత్నం పత్తి ఏరే పనికి వచ్చింది. చర్చిలో వాక్యం గడగడా చదివే పిల్ల. మేస్త్రీ ఆమెను “నత్తోని కూతురా! ప... ప... పలుకు” అన్నాడు. అందరూ పడిపడి నవ్వారు. ఈ పొద్దున ఆ పిల్ల చెంబుతో నీళ్ళిస్తూ “నా... నా... నాయనా” అని తడబడింది.

“నత్తోడా!”

ప్రభుదాసు పలకలేదు.

“ఏంరా, నత్తికి తోడు చెవుడు గూడా వచ్చెనా?”

గేటు లోపలికి పోయిన మీరావలి వెనక్కి వచ్చి బతిమాలాడు. “పలుకన్నా. ఎకసెక్కానికి అంటాండాడులే. బిడ్డకు గూడా పని పోతాది.”

ప్రభుదాసు మేస్త్రీ వైపు తిరిగాడు. నోరు తెరిచాడు.

“నా పేరు ప్ర... ప్ర...”

గుంపు గొల్లున నవ్వింది. మెడ నరాలు ఉబ్బాయి గానీ మాట రాలేదు.

మేస్త్రీ గేటు సగం మూశాడు. “వీడు సాయంత్రానికి గూడా చెప్పడు. నత్తోని కూతురా, నువ్వు రా. బేగా!”

జీవరత్నం నిన్నటి నుంచి తినలేదు. గేటు వైపు చూసింది. తర్వాత తండ్రి పక్కకు వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది. పలకలేదు.

గేటు మూసుకుంది. గొళ్ళెం పడింది. ఇవతల ప్రభుదాసు ఇంకా తన పేరు చెబుతూనే ఉన్నాడు.