నిద్రపోతున్న మూడు కోర్లు

రీస్టార్ట్ బాబాయి బల్ల కిందకి దూరి, కంప్యూటరు పక్క రేకు విప్పి, రంగులు వేసే కుంచెతో ఫ్యాను రెక్కల మీది దుమ్ము దులుపుతున్నాడు. పొద్దున్నే ఆయన చేసే మొదటి పని అది. ఏ యంత్రం మొరాయించినా "ముందు ఒకసారి ఆపి మళ్ళీ స్టార్ట్ చేయండి" అంటాడు కనక ఆ పేరు పడింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల కాగితంలో భద్రంగానే ఉంది గానీ దాంతో ఎవరికీ అవసరం పడలేదు.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చోటు అది. మేడ మీద పక్కపక్కన రెండు చిన్న గదులు. ఒకదాంట్లో మైకు, బల్ల, కుర్చీ, చదివే మనిషి. చెక్క గోడకి ఇవతల కంప్యూటరు, రికార్డింగ్ చేసే అమ్మాయి. మధ్యలో ఒక అద్దం. చదివినదాంట్లోంచి దగ్గులూ, కాగితాల గరగరా, వీధి రొదా ఏరి పారేయడం కంప్యూటరు పని.

"బాబాయ్, ఇవాళ దీని సంగతేదో తేల్చండి," అంది రికార్డింగ్ అమ్మాయి. "ఒక్క అధ్యాయం శుభ్రం చేయడానికి రాత్రంతా నానుస్తోంది. టీచరమ్మ సాయంత్రం వెళ్ళిపోతారు."

ఆ మాట ఆమె చెప్పక్కర్లేదు. బాబాయికి వారం రోజులుగా అదే దిగులు. టీచరమ్మ బడిలో చెప్పినన్నాళ్ళూ చెప్పి, మానేశాక ఇక్కడికి వచ్చి చదవడం మొదలుపెట్టింది. గొంతులో గడ్డ లేచింది. రేపు పొద్దున ఆపరేషను. స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ చదువుతున్న పెద్ద నవల్లో ఇంకొక్క అధ్యాయమే మిగిలింది.

ఆవిడ ఇన్నేళ్ళలో తన రికార్డింగు ఒక్కటీ వినలేదు. ఎవరైనా వినమంటే, "నా గొంతు నాకు కొత్తా ఏమిటి?" అని కొట్టిపారేసేది. మొన్న మాత్రం తనే అడిగింది: "ఆఖరి అధ్యాయం విని వెళ్తానమ్మా. తర్వాతెప్పుడో వింటే తట్టుకోలేనేమో."

బాబాయి అలవాటు ప్రకారం ముందు రీస్టార్ట్ చేశాడు. ఆ తర్వాత, నీకు ఎన్ని కోర్లు ఉన్నాయని, యంత్రాన్ని నడిపించే లినక్స్‌ని అడిగే ఆజ్ఞ కొట్టాడు. లోపలి చిప్‌లో పని చేసే చేతులే కోర్లంటే. ఒకటి, అంది యంత్రం. డబ్బా మీద నాలుగని అచ్చు వేసి ఉంది. లినక్స్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెరలోనూ నాలుగనే ఉంది. నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో ఒకడే చాకిరీ చేస్తూ, మిగతా ముగ్గురూ ముసుగుతన్ని పడుకున్నట్టుంది యవ్వారం.

మెమరీ కార్డులు ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని పాతది పెట్టి లేపి చూశాడు. ఒకటే. ఆయనకి తొందర తెలియదు. ఒక పని పట్టుకుంటే రెండోదాని మొహం చూడడు. పెళ్ళిచూపులకి వెళ్ళి, అక్కడ గోడ గడియారం ఆగిపోయి కనిపిస్తే, పిల్లని చూడడం మాని దాన్ని బాగుచేస్తూ కూచున్న మనిషి. ఆ పిల్లే, నవ్వు ఆపుకోలేక, ఈయన్ని చేసుకుంటానంది. చొక్కాలకి కాజాలు కుడుతుంది. పిల్లలు లేరు. రికార్డింగు సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షించాలనే వంక మీద బాబాయి టీచరమ్మ చదివినవన్నీ ఇంటికి పట్టుకెళ్తాడు. భార్య కాజాలు కుడుతూ వింటుంది, ఈయన ఊరికే వింటాడు. మొగుడూ పెళ్ళాలకి మాటల్లేని రోజుల్లో కూడా ఆ గొంతు ఇంట్లో మాట్లాడుతూనే ఉండేది.

మధ్యాహ్నం కావస్తుండగా, స్టార్ట్ అయ్యేటప్పుడు యంత్రం చదువుకునే ఆదేశాల వరస తెరిచాడు. చివర్న చిన్న ముక్క ఒకటి కనిపించింది. ఒక్క ప్రాసెసరుతోనే లేవమని దాని అర్థం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. తనకి ముందు ఇక్కడ పని చేసి ఊరు మారిపోయిన పెద్దాయన రాసిందే అయ్యుండాలి. ఎందుకు రాశాడో ఎవరికీ చెప్పలేదు.

"పెద్దాయన కూడా ఒక్కోసారి పొరబడతాడు," అని గొణుక్కుని ఆ ముక్క చెరిపేశాడు. ఈసారి యంత్రం నాలుగంది.

అన్నం తింటూ భార్యకి ఫోన్ చేశాడు. "నాలుగూ లేచాయే."

"ఏ నాలుగు?"

"కోర్లు. ఇవాళ సాయంత్రానికి అయిపోతుంది."

"అయితే ఆవిడ వింటారన్నమాట," అంది భార్య. మళ్ళీ తనే, "తర్వాత ఎవరు చదువుతారండీ?" అని అడిగింది. ఆయన పెరుగన్నం కలుపుతూ ఉండిపోయాడు.

టీచరమ్మ వచ్చింది. మెడకి పల్చటి గుడ్డ చుట్టుకుంది. పలకరించిన వాళ్ళకి నవ్వే సమాధానం. గొంతుని పుస్తకం కోసం దాచుకుంటోంది. అద్దం అవతల కూచుని మొదలుపెట్టింది. ఇవతల యంత్రం అదే సమయంలో పాత అధ్యాయాలు శుభ్రం చేయడం అందుకుంది. నాలుగు కోర్లూ ఒక్కసారిగా పనిలోకి దిగాయి. చిప్ వేడెక్కింది. ఫ్యాను బుసకొట్టి, ఆ మీద రొద పెట్టింది.

టీచరమ్మ మూడో పేజీ మధ్యలో ఆగిపోయింది.

"ఎవరన్నా పిండిమర పెట్టారా అమ్మా ఇక్కడ?" గొంతు బొంగురుగా ఉంది.

రికార్డింగ్ అమ్మాయి వెనక్కి తిప్పి విన్నది. మొదటి పేజీ నుంచీ మాట వెనక గుయ్యిమంటూ అదే రొద. ఆవిడ గొంతూ అదీ కలిసిపోయాయి. శుభ్రం చేస్తే రెండూ కలిసే పోతాయి. బాబాయికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడకి మిగిలి ఉన్న కాస్త గొంతులో మూడు పేజీలు తన మూలాన మట్టిపాలయ్యాయి. ఏడుపొచ్చినంత పనైంది.

"మొదట్లో కూడా ఇంతే గోలగా ఉండేదయ్యా," అంది టీచరమ్మ తలుపు తీసుకుని వచ్చి. "నా గొంతు సన్నం, దీని మీద అరవలేనని మీకు ముందు పనిచేసిన పెద్దాయనతో అన్నాను. ఆ మర్నాటి నుంచి చప్పుడు లేదు. ఏం చేశాడో ఏమో."

బాబాయి నాలిక్కరుచుకున్నాడు. కనిపించకుండా దాక్కున్న తప్పనుకుని తను చెరిపేసింది, ఆవిడ కోసం పెద్దాయన చేసిన ఏర్పాటు. దాని గురించి ఆయన ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు, అంతే.

"నిమిషం ఆగండమ్మా." యంత్రాన్ని ఆపకుండానే మూడు కోర్లని నిద్రపుచ్చే ఆజ్ఞలు ఉన్నాయి. ఒక్కొక్కటే కొట్టాడు. ఫ్యాను నిట్టూర్చి నెమ్మదించింది. తర్వాత వినపడకుండా పోయింది.

"తిట్టండమ్మా నన్ను," అన్నాడు.

"గొంతు ఖర్చయిపోతుంది," అని నవ్వి ఆవిడ లోపలికి వెళ్ళింది.

మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివింది. అక్కడక్కడ నీళ్ళు తాగడానికి ఆగింది. ఆఖరి పేజీల్లో గొంతు నూలుపోగంత అయింది, తెగలేదు. పుస్తకం మూసి, అద్దంలోంచి చెయ్యి ఊపింది. బాబాయి మూడు కోర్లనీ లేపాడు. ఫ్యాను గది అదిరేట్టు తిరిగింది. ఇప్పుడు దాని ఇష్టం.

ఎండ ఇంకా కిటికీ మీద ఉండగానే అధ్యాయం శుభ్రం కావడం అయిపోయింది. ఫ్యాను ఆగింది. టీచరమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ముందు పెదాలు కూడా కదిపింది, తర్వాత ఊరికే విన్నది. ఒకచోట కళ్ళు తుడుచుకుంది. అది కథ కోసమో గొంతు కోసమో బాబాయికి తెలియలేదు. అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"బాగానే చదివానే," అంది ఆశ్చర్యంగా. "ముందే వినాల్సింది."

"మా ఇంట్లో రోజూ మీ మాటేనమ్మా. మీరు చదవకపోతే మా ఆవిడకి కాజాలు కుదరవు."

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి వచ్చిన ఆవిడ తమ్ముడు కింద వీధిలో కారు హారను కొట్టాడు. టీచరమ్మ మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"వస్తాను," అంది.

బాబాయి ఆ మాట చెవిలో ఉండగానే కంప్యూటరు కట్టేశాడు. అమ్మాయి వెళ్ళిపోయింది. చదివే గదిలో దీపం ఆర్పడానికి లోపలికి వెళ్ళాడు. కుర్చీ బల్లకి దూరంగా జరిపి ఉంది. మోచేతులు ఆనినా చప్పుడు కాకుండా ఆవిడ మడిచి వేసుకున్న తువ్వాలు బల్ల మీదే ఉంది, రెండు మోచేతుల గుంటలతో.