సారు కూర్చున్న చోటు

రెండు వేల మూడు జూన్ పద్దెనిమిది, బుధవారం. ఆ రోజు మధ్యాహ్నం మడకశిర బస్టాండులో మా ఆయన కూలిపోయారు, మళ్లీ లేవలేదు. ఉదయం హాజరు పట్టీలో ఒకరి కింద ఒకరం సంతకాలు చేశాం. పాఠ్యపుస్తకాల కట్టలు తేవడానికి ఆయన బస్సెక్కారు. నేను ఆరో తరగతికి భిన్నాలు చెబుతుండగా కబురు వచ్చింది. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. దాన్ని తర్వాత ఎవరు తుడిచారో నాకు తెలియదు.

నెల రోజులకు మళ్లీ బడికి వచ్చాను. ఇంట్లో ఉండడం కంటే అది నయం అనిపించింది.

మా బడిలో ఒక కంప్యూటర్ ఉండేది. బెంగళూరులో ఉద్యోగం చేసే పూర్వ విద్యార్థి ఒకరు పాతబడిందని ఇచ్చారు. నేర్పేవాళ్లు లేక సైన్సు గది మూలలో గుడ్డ కప్పి ఉంచారు. దాన్ని బాగుచేసి నడిపింది మా ఆయనే. ఒకసారి ఆయన బెంగళూరులో ఫుట్‌పాత్ మీద ఒక సీడీ కొన్నారు. అట్ట మీది లిపి ఏ దేశానిదో ఇద్దరికీ తెలియలేదు. అందులో ఉన్నది ఒక ఆట.

ఆట అన్నాను గానీ కాల్చడం, దూకడం, గెలవడం ఏవీ లేవు. ఒక లోకం ఉంటుంది, దానిలో నడవాలి, అంతే. నేల ఎర్రగా ఉంటుంది. సూర్యుడు లేడు. వెలుతురు నేల పగుళ్లలోంచి పైకి వస్తుంది, అందుకని నీడలు ఆకాశం మీద పడతాయి. కొండలు కొన్ని నేల మీద ఉంటాయి, కొన్ని పైనుంచి తలకిందులుగా వేలాడతాయి. రాళ్ల లోపల చేపలు ఈదుతుంటాయి. దగ్గరికి వెళితే ఈదడం ఆపి మనవైపు తిరుగుతాయి. మనుషులకు తల ఉండవలసిన చోట దీపం ఉంటుంది. వాళ్లు మాట్లాడరు. ఎదురుపడితే దీపం కొంచెం తగ్గించి దారి ఇస్తారు.

ఒకే చోట కదలకుండా కాసేపు ఉంటే కాళ్ల కింద నేల అద్దంలా మారుతుంది. అప్పుడు కింద ఇంకొక ఊరు కనిపిస్తుంది. వీధులు, ఇళ్లు, తలకిందులుగా నడిచే మనుషులు, వాళ్ల మధ్య పారే ఒక నది. ఆ ఊరికి దిగే దారి ఎక్కడా లేదు. మేము చాలా వెతికాం.

మా ఇద్దరికీ దీపం తలతోనే చెరొక బొమ్మ ఉండేది. ఎవరు ఎక్కడ ఆపితే వారి బొమ్మ అక్కడే కూర్చుని ఉంటుంది. బడి వదిలాక కరెంటు ఉన్న రోజున ఆయన నడిపేవారు, నేను పక్కన కూర్చుని గ్రాఫు కాగితం మీద దారులు గీసేదాన్ని. పదకొండు కాగితాలు నిండాయి. ఆ లోకానికి అంచు దొరకలేదు.

జూలైలో నేను మళ్లీ ఆ గది తెరిచి ఆట పెట్టినప్పుడు, ఆయన బొమ్మ మూడు రాతిగుండ్లకు తూర్పు పక్కన కూర్చుని ఉంది. ఆ గుండ్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కానీ ఒకదానికొకటి తగలవు. మధ్యలో సందు ఉంటుంది. ఆయన దీపం వెలుగుతోంది. కింద నేల అద్దమైపోయి నది కనిపిస్తోంది. నా బొమ్మను తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టాను. అరగంట చూసి, ఆపి, తాళం వేసి ఇంటికి వెళ్లాను. ఆ తర్వాత రోజూ అదే పని.

ఆగస్టు మొదటి వారంలో ఆయన బొమ్మ గుండ్లకు తూర్పున లేదు. పడమటి వైపు, నాలుగు గళ్ల దూరంలో ఉంది. కాగితం మీద కొలిచి చూసి, నా బొమ్మనూ అక్కడికి తీసుకెళ్లాను. గది తాళంచెవి నా కొంగుకే ఉంటుంది. వదిలేసిన బొమ్మలు కాస్త కాస్త జరిగేలా ఆట తయారుచేసినవాళ్లు పెట్టి ఉంటారని అనుకున్నాను. అయితే వేసవి సెలవులన్నీ వదిలేసిన నా బొమ్మ ఒక గడి కూడా జరగలేదు. ఆ సంగతి కాగితం మీద ఉంది.

ఆ వారంలోనే ఆదెప్ప వచ్చాడు. అతను బడి కమిటీ మెంబరు. ఊరి గుట్ట కింద చేను ఉంది, ఒక గొర్రెల మంద ఉంది. చేనులో మూడు బోర్లు వేసి మూడూ ఎండి, ఆ గొట్టాల మీద బండలు కప్పి ఉంచాడు. వరసగా మూడో ఏడు శనక్కాయ చేతికి రాలేదు. మీటింగు పుస్తకంలో సంతకం పెట్టడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి తెర వైపు చూశాడు.

"ఏం మేడమ్, బడిలో టీవీ పెట్టినారే! మా పన్నెండేళ్ల మీటింగుల్లో ఒక్క దినమన్నా చూపించినారా?"

"టీవీ కాదు ఆదెప్పన్నా, కంప్యూటర్."

నవ్వుతూనే దగ్గరికి వచ్చాడు. వచ్చాక నవ్వు ఆగిపోయింది.

"ఇది మన గుట్ట గదా. మూడు గుండ్లు. మా చేను కాడ్నుంచి చూస్తే అచ్చం ఇట్లే, సందు కూడా కనపడతాది."

నేను కుర్చీ కొంచెం పక్కకు జరిపాను.

"ఈ పైన కొండలేమి తలకిందులుగా ఉండాయి?" అని తానే ఆలోచించి, "ఓ, పైనుంచి తీసినారు గదా, అట్లే వస్తాది లే" అన్నాడు.

అంతకు ముందు ఏడు గ్రామసభలో మా ఆయన ఉపగ్రహం తీసే పటాల గురించి రైతులకు చెప్పారు. భూమి లోపల నీరు ఎక్కడ ఉండవచ్చో వాటిని బట్టి అంచనా వేస్తారని చెప్పారు. చాలామంది మధ్యలోనే లేచిపోయారు. ఆదెప్ప చివరిదాకా విన్నాడు.

"ఈడ కూర్చున్నది ఎవరమ్మా?"

"సారు" అన్నాను. ఆ మాట వచ్చేసింది.

అతను భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "సారు చూసి పెట్టినాడా ఇదంతా?"

"సారు రోజూ చూసేవారు."

"ఆయప్ప కింద నీళ్లు పారతాండాయి."

"అవును."

ఆదెప్ప గుండ్ల నుంచి బొమ్మ దాకా తెర మీద జానతో కొలిచాడు. పడమర దిక్కేనా అని అడిగాడు. పడమరే అన్నాను. సంతకం పెట్టడం మరిచిపోయి వెళ్లిపోయాడు.

నేను చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. పిల్లలు ఇటువంటి జవాబు రాస్తే నేను మార్కులు వేయను. ఇది ఆట అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అంటే అక్కడ కూర్చున్నది ఒట్టి బొమ్మ అవుతుంది. అది నా నోటితో అనలేకపోయాను. ఆ సాయంత్రం మాత్రమే అనలేకపోయానని, రేపు చెబుతానని అనుకున్నాను.

రెండు రోజులకు ఆదెప్ప టెంకాయ తిప్పయ్యను పిలిపించాడు. తిప్పయ్య అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుంది. ఈ పక్క ఊళ్లలో ఆ టెంకాయ లేవకుండా ఎవరూ బోరు వేయరు. బడి వెనక గోడ నుంచి చేను కనిపిస్తుంది కనుక నేను చూశాను.

"కంప్యూటర్లు చూసి చెప్పేవాళ్లు వచ్చినాక ఇంక నా టెంకాయ పచ్చడికే పనికొస్తాదేమప్పా" అంటూ తిప్పయ్య నడుస్తున్నాడు.

"నడువు, నడువు. పచ్చడికి కూడా నీళ్లు కావల్ల."

టెంకాయ ఒకచోట నిలబడింది. అక్కడ ఆదెప్ప ముందుగానే గూటం కొట్టి ఉంచాడు. తిప్పయ్య దాన్ని చూశాడో లేదో నేను చెప్పలేను.

గురువారం ఆదెప్ప గొర్రెల మంద బోరు ఖర్చు కోసం బడి ముందు నుంచి సంతకు వెళ్లింది. పిల్లలు లేచి కిటికీల దగ్గరికి వెళ్లారు. నేను వాళ్లను కూర్చోమనలేదు. మంద పెద్దది, దాటడానికి సమయం పట్టింది. గేటు దాకా వెళ్లి చెప్పడానికి ఆ సమయం చాలు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. దుమ్ము అణిగాక పాఠం మొదలుపెట్టాను.

శనివారం ఆదెప్ప తల్లి కదిరమ్మ ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు వద్దంది.

"రేపు బోరు బండి వస్తాండాది. పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టేకి నువ్వు రావల్ల."

"నేనా అవ్వా?" అన్నాను. భర్త పోయినవాళ్లను అటువంటి పనికి ఎవరూ పిలవరు.

"నువ్వే. నాకు తెలీదా ఏంది, నేను ముప్పై ఏండ్ల నుంచి ఒంటిదాన్నే. ముత్తైదువలు మూడుసార్లు కొట్టినారు, మూడుసార్లూ దుమ్మే లేసింది. ఇది సారు చూపించిన పాయింటు. సారింటి ఆమె కాక ఇంకెవరు కొట్టల్ల?"

అప్పుడు కూడా చెప్పవచ్చు. ఎన్ని గంటలకు రావాలని అడిగాను.

ఆదివారం పది గంటలకు బండి పని మొదలుపెట్టింది. మొదట ఎర్ర దుమ్ము వచ్చింది, తర్వాత తెల్లది, ఆ తర్వాత బూడిద రంగుది. మా జుట్టు, కనుబొమలు అన్నీ ఆ రంగుకే వచ్చాయి. మూడు వందల అడుగుల దగ్గర బండివాళ్లు ఆదెప్ప వైపు చూశారు. దించమన్నాడు. అయిదు వందల దగ్గర మళ్లీ చూశారు.

"ఇంకొక రాడ్డు దించండప్పా, నా టెంకాయ అబద్ధం ఆడదు" అన్నాడు తిప్పయ్య.

"నీ టెంకాయ మూడు తూర్లు ఆడింది లే. దాన్ని ఎవరు నమ్మినారు? ఇది సారు మాట" అన్నాడు ఆదెప్ప.

ఆరు వందల నలభై అడుగుల దగ్గర రాడ్లు అయిపోయాయి. మిషను ఆపారు. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టుకోలేదు. అంత శబ్దం తర్వాత చేనంతా నిశ్శబ్దం అయింది.

కదిరమ్మ వంగి గొట్టం మూతి మీద చెయ్యి పెట్టింది. "చల్లగా ఉండాది. ఊపిరి తీస్తాండాది" అంది. నేనూ పెట్టాను. గాలి కాసేపు పైకి వస్తోంది, కాసేపు లోపలికి పోతోంది. లోతైన బోర్లలో అలా జరుగుతుంది, దానికి కారణం ఉంది. పదో తరగతి పిల్లలకు చెప్పగలను. చెవి పెట్టి విన్నాను. కింద చప్పుడు ఉంది. నాకు అది నడకలా వినిపించింది. గచ్చు మీద చెప్పులతో నింపాదిగా నడిచే నడక. మిగిలినవాళ్లకు ఏమి వినిపించిందో అడగలేదు. ఆదెప్ప ఒక బండ దొర్లించుకొచ్చి గొట్టం మీద కప్పాడు.

సోమవారం బడి వదిలాక ఆట పెట్టాను. గుండ్ల పడమట నా బొమ్మ ఒక్కటే ఉంది. చుట్టుపక్కల గళ్లన్నీ తిరిగాను. చివరకు ఆయన కూర్చున్న చోటికే వచ్చి ఆగాను. నేల నెమ్మదిగా అద్దమైంది. కింద నది ఒడ్డున మనుషులు తలకిందులుగా నడుస్తున్నారు. వాళ్లలో ఒకరు నడవడం లేదు. ఆ దీపం రంగు నాకు తెలుసు. మేమిద్దరం కలిసి ఎంచుకున్నదే. దీపానికి ముఖం ఉండదు. అయినా అది నా వైపు చూస్తోందని తెలిసింది. ఎదురుపడినవారికి దారి ఇస్తున్నట్టు, దాని వెలుతురు ఒకసారి తగ్గి మళ్లీ పెరిగింది. తర్వాత నది వెంట దక్షిణానికి నడవసాగింది. నేను పైన నడిచాను. నేను ఆగిన ప్రతిచోటా, నేల అద్దమయ్యేసరికి, కింద అది కూడా ఆగి ఉంది.

కాగితం మీద దారి గీయలేదు. కరెంటు పోయేదాకా నడిచాను.

ఈ రోజు ఆదెప్ప మళ్లీ వచ్చాడు. గడ్డంలో బూడిద రంగు దుమ్ము ఇంకా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు, తెర వైపే చూశాడు.

"సారు ఏడమ్మా?"

"కిందికి వెళ్లారు."

"యాడికి పోతాండాడు?"

"నది వెంట. దక్షిణానికి."

అతను చాలాసేపు చూశాడు. కింద దీపం, పైన నా బొమ్మ, రెండూ నిలబడి ఉన్నాయి.

"అట్లయితే తప్పు సారుది కాదు. ఆయప్ప లేచి పోయినాక మనం పాత చోట తవ్వినాం. నేనే తొందర పడితి. దక్షిణం దిక్కున మాకు చింతమాను కాడ ఒక చెక్క భూమి ఉండాది. అది అట్లనే పెట్టుకోని ఉండా." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "వచ్చే గురువారం ఎద్దుల్ని సంతకు తోలుకుపోతా. సారు ఆడికి పోయి కూర్చున్నాక నువ్వు కబురు చెయ్యి."

"ఆదెప్పన్నా" అన్నాను.

గుమ్మంలో ఆగాడు. ఎదురుచూశాడు. తొందర పెట్టే మనిషి కాదు.

"కుండలో నీళ్లున్నాయి. తాగి వెళ్లు."

తాగి వెళ్లాడు.

ఈ రోజు శుక్రవారం. సంతకు ఆరు రోజులు ఉంది. ఆయన దీపం చింతమాను దిక్కుగానే నడుస్తోంది. ఇది ఆట అని ఆదెప్పకు నేను ఇంకా చెప్పలేదు.