రెండు బస్తాల దూది

బుడాన్ సాహెబు దూదేకే విల్లు మీటితే ఆ చప్పుడు ఊరి చివరి దాకా వినపడేది. నోరు విప్పితే మాత్రం పక్కన నిలబడ్డవాడికి కూడా వినపడేది కాదు. మార్టూరుకి కొన్ని మైళ్ల దూరంలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో దూదేకే ఇల్లు అతనిదొక్కటే. మునసబుగారి పందిరిమంచం మీద పరుపు అతను కుట్టిందే, కరణంగారి తలగడ అతను కుట్టిందే. ఊళ్లో పెద్దవాళ్ల నడుములన్నీ తన పనితనం మీదే వాలుతున్నాయని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆ పెద్దవాళ్లు ఎదురుపడితే మాత్రం తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "చిత్తం అయ్యా" అన్న రెండు మాటలతోనే సరిపెట్టేవాడు. మంచివాడే పాపం. కాదని ఎవరన్నారు? చిక్కంతా ఇలాంటి మంచివాళ్లతోనే వస్తుంది.

అతని కూతురు మౌలాబీకి పదేళ్లు, ఐదో తరగతి. ఆ ఏడు ఊళ్లో ఐదు చదివే ఆడపిల్లలు ముగ్గురే. మౌలాబీ, పక్కింటి అంకమ్మ, కరణంగారి మనవరాలు బాలత్రిపురసుందరి. వేసవిలో పక్కూరి హైస్కూలు వాళ్లు పెట్టే ప్రవేశపరీక్ష గట్టెక్కితే ముగ్గురూ కలిసి నడిచి వెళ్లేట్టు తల్లులు మాట్లాడుకున్నారు. రానూపోనూ ఆరు మైళ్లు. ముగ్గురైతే ఫరవాలేదు, ఒక్కపిల్లని ఆ చేలగట్ల వెంట ఎవరు పంపుతారు? అందుకని ఈ ఏడు తప్పితే ఇక తప్పినట్టేనని బుడాను పెళ్లాం ఖాజాబీకి బాగా తెలుసు.

మాఘమాసంలో ఒక సాయంత్రం మౌలాబీ పలక గూట్లో పెట్టి తండ్రి దగ్గరికొచ్చి నిలబడింది.

"నాయనా, పంతులుగారు నన్ను తరగతిలో కూర్చోనీటంలా."

"ఏం, అల్లరి చేశావా?"

"లేదు. పేర్లు పిలవటం అవంగానే నన్ను ఆయనింటి వెనక వసారాలోకి పంపుతున్నారు. పత్తిలో గింజలు తీస్తా కూర్చోవాలంట. లోపల అంకమ్మోళ్లకి భిన్నాలు చెప్తన్నారు. నాకేం రావటంలా."

ఇంకో తండ్రయితే అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. మనవాడికి ముందు వచ్చింది భయం. తర్వాత ఇంకో సంగతి గుర్తుకొచ్చింది, అది గుర్తుకు రాకపోయినా బాగుండేది. నెల కిందట పంతులుగారు లక్ష్మీనరసింహంగారు స్వయంగా ఇంటికొచ్చారు. తల్లి తుంటి విరిగి మంచాన పడింది, వీపు పుండ్లు పడుతోంది, మెత్తటి పరుపు కావాలన్నారు. రైతులు ఇచ్చిన పత్తి ఇంట్లో ఉందన్నారు. "గింజ తీయించి పంపండయ్యా, ఏకి కుట్టే పూచీ నాది" అన్నాడు బుడాను. అక్కడితో ఊరుకుంటే ఏం పోయేది? పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చాడన్న సంబరంలో, "మా మౌలాబీ చెయ్యి చూడాలండీ, మిల్లు కూడా అంత శుభ్రంగా గింజ తియ్యలేదు" అని గొప్పలు పోయాడు. పిల్ల చేతికి పత్తి తగిలించింది సాక్షాత్తూ కన్నతండ్రే.

ఖాజాబీకి ఇదంతా తెలియదు. అట్లకాడ చేతిలో పట్టుకునే బయటికొచ్చింది.

"గింజలు తియ్యటానికి బడి దాకా పోవాలా? మనింట్లో లేదా పత్తి? రేపు పొద్దున్నే పోయి అడుగు."

"అడుగుతాలేవే."

"నీ 'లే' సంగతి నాకు తెలుసు. ఇంట్లో పులివి, వీధిలో పిల్లివి. రేపు ఒక్కపూట పులిలాగానే పోయి రా."

పొద్దున్నే వెళ్లాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. బడీ, పంతులుగారి ఇల్లూ ఒకే కప్పు కింద ఉంటాయి. ముందు గదిలో ముప్పై మంది పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. పేర్లు పిలవటం ఇంకా అవలేదు, మౌలాబీ కూడా వాళ్లలోనే ఉంది. పంతులుగారు కుర్చీలో ఉన్నారు. గుమ్మంలో బుడానుని చూసి ఎక్కాలు ఆగిపోయాయి, ముప్పై జతల కళ్లు అతని మీదికి తిరిగాయి. తలపాగా దానంతటదే చంకలోకి వచ్చేసింది.

"ఏం బుడానూ, ఇట్టా వచ్చావు?"

"ఏం లేదయ్యా... మా పిల్ల... ఆ పత్తి..." అని నీళ్లు నమిలాడు.

"ఆ పత్తా? ఏదో రెండు రోజులు సాయం చేసింది. మా అమ్మ అవస్థ చూడలేక అడిగాను. తప్పంటావా?"

"అయ్యయ్యో! తప్పేంటయ్యా!"

ఆ మాటతో వెనక్కి తిరిగి వచ్చేసినా సగం పరువు మిగిలేది. ఊహూ. పంతులుగారిని నిలదీయడానికి వచ్చాడని పిల్లలందరికీ తెలిసిపోయిందే, ఇది రేపు ఊరంతా పాకుతుందే అని కంగారు పుట్టింది. ఆ కంగారులో తాను ఎవరి పక్షమో రుజువు చేసుకోవాలనిపించింది. చాపల మధ్యలోంచి నడిచి వెళ్లి కూతురి చెవి పట్టుకుని లేపాడు.

"రెండు రోజుల పనికి పంతులుగారి మీద చాడీలు చెప్తావటే?"

"రెండు రోజులు కాదు నాయనా..."

చెంప ఛెళ్లుమంది. దూదేకే చెయ్యి మెత్తగా ఉంటుందనుకుంటారేమో, పొద్దస్తమానం విల్లు మీటే కొయ్య పట్టుకునే చెయ్యి అది. "పంతులుగారి కాళ్లకి దణ్ణం పెట్టు. ఇంకెప్పుడూ అబద్ధాలు చెప్పనని చెప్పు" అన్నాడు. పెట్టింది, చెప్పింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, ఆ రోజుల్లో తండ్రులందరూ పెద్ద మర్యాద అనుకుని అనే మాట తనూ అన్నాడు. "కళ్లు రెండూ వదిలేసి తోలు ఒలిచెయ్యండయ్యా, నేనేం అనుకోను."

ఇంటికొచ్చి, "రెండు రోజులేనంట, దానికింత రాద్ధాంతం" అని పెళ్లాంతో అన్నాడు. సాయంత్రం పిల్ల చెంప మీద వేళ్ల గుర్తులు చూసి ఖాజాబీ మొగుడి కంచంలో అన్నం పెట్టింది గానీ మూడు రోజులు మాట్లాడలేదు. మౌలాబీ మాత్రం మామూలుగానే ఉంది. పొద్దున్నే బడికి పోతుంది, సాయంత్రం వస్తుంది. "బడి ఎట్టా ఉందే?" అని అడిగితే "బాగుంది" అంటుంది. ఆ ఒక్క దెబ్బతో పిల్ల దారిలో పడిందని తెగ సంబరపడ్డాడు, మొద్దు మొహం.

ఉగాది వెళ్లిన నాలుగో రోజున బండి తోలే యలమందయ్య రెండు బస్తాల దూది తెచ్చి వాకిట్లో దించాడు. "పంతులుగారు పంపిచ్చారు. పెద్దామె అరుపులు వినలేకపోతన్నాం, తొందరగా కుట్టమన్నారు" అని చెప్పి వెళ్లిపోయాడు. బుడాను వసారాలో చాప పరిచి విల్లు దించుకుని ఒక బస్తా మూతి విప్పాడు. చెయ్యి లోపలికి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాళ్లింట్లో ఒక వాటం ఉంది. గింజ తీసిన దూదిని అలా కుప్ప పొయ్యరు. రెండు వేళ్లకు ఒక్క చుట్టు చుట్టి పక్కన పెడతారు. అలా పెడితే దూది ఉండకట్టదు, ఏకేటప్పుడు సుళువుగా విచ్చుకుంటుంది. బుడానుకి వాళ్లమ్మ నేర్పింది, మౌలాబీకి అతను నేర్పాడు. ఆ ఊళ్లో ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు. పైగా మౌలాబీది ఎడంచేతివాటం. అందరి చుట్టు ఒకవైపు తిరిగితే దాని చుట్టు రెండోవైపు తిరుగుతుంది. "నీ దూది కూడా నీలాగే పెడసరం" అని ఎన్నిసార్లో ఆటపట్టించాడు.

పైన ఉన్న దూది తీశాడు. ఎడమవైపు చుట్టు. ఇంకాస్త లోపలిది తీశాడు, అదీ అంతే. బస్తాని చాప మీద బోర్లించి అడుగుది చూశాడు. రెండో బస్తా విప్పాడు. ఎక్కడ చెయ్యి పెట్టినా ఆ పిల్ల చెయ్యే తగిలింది.

పదేళ్ల పిల్ల పొద్దున కూర్చుంటే సాయంత్రానికి ఎంత తీయగలదో అతనికి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక చాటెడు. అంతకంటే తీస్తే వేళ్లు పగులుతాయి. లేచి ఇంట్లోంచి చాట తెచ్చి, ఆ దూదిని చాటలకెత్తుతూ కూర్చున్నాడు. పది దాకా ఏదో ఆశ ఉంది. ఇరవై దగ్గర ఎక్కడన్నా పొరబడ్డానేమోనని మళ్లీ లెక్క చూసుకున్నాడు. నలభై దగ్గర బస్తాలు అయిపోయాయి. నలభై రోజులు! మాఘం నుంచి ఉగాది దాకా బడి ఉన్న ప్రతి రోజూ పిల్ల ఆ వెనక వసారాలోనే కూర్చుంది. తాను కొట్టి వచ్చిన రోజు కూడా కూర్చుంది. "రెండు రోజులు కాదు నాయనా" అని ఆ పిల్ల చెప్పబోయిందే, ఆ మాట పూర్తి కాకుండా చెంప మీద కొట్టిందెవరు?

సిగ్గేసింది బుడానుకి. మామూలు సిగ్గు కాదు, ఒంటి మీద చర్మం ఎక్కడ దాచుకోవాలో తెలియని సిగ్గు. పంతులుగారి మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, అదీ రాలేదు. పంతులుగారు పనే చేయించుకున్నారు. పిల్లని అబద్ధాలకోరుని చేసింది తను.

ఖాజాబీ నీళ్లబిందెతో వచ్చి ఆ దూది చూసింది, చాట చూసింది. ఆమెకీ దూది తెలుసు.

"ఇన్నాళ్లూ మనతో ఒక్క మాటన్నా అనలేదేమే ఇది?" అన్నాడు బుడాను.

"అంది కదయ్యా ఒకసారి! అంటే ఏం జరిగింది? మళ్లీ ఎట్టా అంటది?" అంది ఖాజాబీ. అరవలేదు. అరిచినా బాగుండేది.

మర్నాడు దూది మళ్లీ బస్తాలకెత్తి, ఒకటి నెత్తిన, ఒకటి భుజాన పెట్టుకుని బడికి వెళ్లాడు. ముందు గదిలో మౌలాబీ లేదు. వెనక వసారాలోకి వెళ్లాడు. తలగడకి కాబోలు, ఇంకో చిన్న కుప్ప ముందేసుకుని గోడవారన కూర్చుని ఉంది. వేళ్ల చివర్లు ఎర్రగా పగిలి ఉన్నాయి. లోపల్నించి అంకమ్మ గొంతు వినపడుతోంది, లెక్క అప్పజెబుతోంది. తండ్రి నీడ మీద పడగానే మౌలాబీ తలెత్తి చూసి, చటుక్కున చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొడతాడనుకుంది! "లేదమ్మా... లేదు" అన్నాడు బుడాను. పిల్ల చెయ్యి పట్టుకుని తరగతిలోకి తీసుకొచ్చి, బస్తాలు రెండూ పంతులుగారి కుర్చీ ముందు దించాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకోవడం మాత్రం మర్చిపోయాడు.

"అయ్యా, ఇది రెండు రోజుల పని కాదండి. నలభై రోజుల పని. నాకు అక్షరం రాదు గానీ దూది వచ్చు." పిల్లల వైపు తిరిగాడు. "మా పిల్ల ఆ రోజు అబద్ధం చెప్పలేదు. నేనే మీ అందరి ముందూ దాన్ని అన్యాయంగా కొట్టాను. అందుకని మీ అందరి ముందే చెప్తన్నా, తప్పు నాది." మళ్లీ పంతులుగారి వైపు తిరిగాడు. "పరుపు కుడతానండి. అమ్మగారికి ఒక్క గింజ తగలకుండా కుడతా. అది నా పని. దీన్ని లోపల కూర్చోబెట్టి చదువు చెప్పటం మీ పని."

పంతులుగారు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. "రాత్రింబవళ్లు మా అమ్మ అరుస్తుంటే నాకు ఇంకేమీ కనపడలేదు బుడానూ" అన్నారు చివరికి. "నీతో రెండు రోజులని చెప్పినప్పుడు మాత్రం, అది అబద్ధమని నాకు తెలుసు." ఆయనా దుర్మార్గుడేం కాదు. ఆ రోజు నుంచి సాయంత్రాలు కూడా మౌలాబీని కూర్చోబెట్టుకుని భిన్నాలు చెప్పారు. కానీ పరీక్షకి మూడు వారాలే ఉంది. నలభై రోజుల చదువు మూడు వారాల్లో పడుతుందా?

పడలేదు. తెలుగులో గట్టెక్కింది, లెక్కల్లో పోయింది. బడులు తెరిచిన రోజున అంకమ్మా, బాలత్రిపురసుందరీ కొత్త పరికిణీలు కట్టుకుని హైస్కూలుకి చేలగట్టున పడి వెళ్లిపోయారు. మౌలాబీ గడపలో నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, పలక తీసుకుని మళ్లీ ఐదో తరగతికి బయల్దేరింది.

బుడాను వెంట వెళ్లాడు. బడి గుమ్మం ముందు అతను కూతురి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఇకమీద బడిలో ఎవరేమన్నా, ఎంత పెద్దోళ్లయినా సరే, నాతో చెప్పు. దాచుకోమాక. నేనొచ్చి అడుగుతా."

మౌలాబీ కాసేపు ఆలోచించింది. తండ్రి బాధపడకుండా ఎలా చెప్పాలా అని ఆలోచించినట్టుంది.

"అమ్మతో చెప్తాలే నాయనా" అని, పలక చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండుననుకున్నాడు బుడాను.